ఐదేళ్ల వయసులో మా ఇంటికి వచ్చిన గౌరి

గౌరి గ్రేట్ డేన్ జాతికి చెందిన ఆడకుక్క. మా ఇంటికి వచ్చేనాటికి దానికి సుమారు ఐదేళ్లు ఉంటాయని పశువైద్యులు పళ్లు చూసి అంచనా వేశారు. హైదరాబాదు విద్యానగర్‌లో మొదటి అంతస్తులో ఉన్న మా ఫ్లాట్‌లో నేను, మా వారు, డెబ్బై దాటిన మా అమ్మ ఉంటాం. పిల్లలు ఉద్యోగాల మీద వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ఇటువంటి ఇంటికి ఇటువంటి కుక్కను తెచ్చుకుంటున్నామని తెలిసినప్పుడు బంధువులూ ఇరుగుపొరుగువారూ అడిగినవి రెండే ప్రశ్నలు. ఇంత పెద్ద కుక్క ఎందుకన్నది మొదటిది. తెచ్చుకునేదేదో చిన్న పిల్లను తెచ్చుకోక, వయసు మళ్లుతున్నదాన్ని తేవడమెందుకన్నది రెండోది. మొదటి ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ఇంటి నేల మొదలుకొని ఆసుపత్రి బిల్లు వరకు చాలా సంగతులు మాట్లాడుకోవాలి. రెండో ప్రశ్నతో మాత్రం నేను ఏకీభవించలేను. పెద్దజాతి కుక్కను పెంచుకోవాలనుకునేవారికి, అందులోనూ నడివయసు దాటినవారికి, ఎదిగిన కుక్కను దత్తత తీసుకోవడమే మంచి నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కుక్కపిల్లను కొనేటప్పుడు మన కంటికి కనిపించేది ఒడిలో ఒదిగే రెండు నెలల ప్రాణి మాత్రమే. గ్రేట్ డేన్ పిల్ల ఏడాది తిరిగేసరికి నలభై కిలోలు దాటిపోతుంది. అది ఎంత బరువు తూగుతుందో, తుంటి కీళ్లు సరిగ్గా కుదురుకుంటాయో లేదో, కొత్తవారిని చూస్తే మొరుగుతుందో తోక ఊపుతుందో, పిల్లల అల్లరిని భరిస్తుందో లేదో, ఒంటరిగా వదిలి వెళితే తలుపులు గీరుతుందో పడుకుంటుందో ఆ వయసులో ఎవరూ చెప్పలేరు. ఎదిగిన కుక్క విషయంలో ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మన కళ్లెదుటే ఉంటుంది. గౌరిని చూడడానికి వెళ్లిన మొదటి రోజే అది తలుపు గుండా ముందు మనుషులు వెళ్లేదాకా ఆగుతుందని, గిన్నె దగ్గర చేయి పెట్టినా గుర్రుమనదని, ఆటో హారన్‌కు బెదరదు గానీ చీపురు ఎత్తితే నేలకు అతుక్కుపోతుందని మాకు తెలిసింది. చివరి సంగతి బాధ కలిగించేదే అయినా, దానితో ఎలా మెలగాలో మాకు ముందే తెలిపింది. మా ఇంట్లో ఆనాటి నుంచీ గౌరి బాల్కనీలో ఉన్నప్పుడే గదులు ఊడుస్తాం.

పెద్దయ్యాక తెచ్చుకున్న కుక్క మనకు మాలిమి కాదని, పాత యజమాని మీదే ప్రాణం పెట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. కుక్కలు కొత్త మనుషులతో ఏ వయసులోనైనా బంధం ఏర్పరచుకుంటాయి. పోలీసు శాఖలోనూ సైన్యంలోనూ పదవీ విరమణ చేసిన జాగిలాలను ఎనిమిదేళ్లు, పదేళ్లు నిండాక కుటుంబాలు దత్తత తీసుకుంటూనే ఉన్నాయి. నేర్చుకోవడంలో కూడా ఎదిగిన కుక్కకు ఒక అనుకూలత ఉంది. పళ్లు వచ్చే వయసులో పిల్ల కుక్కలు కుర్చీ కాళ్లు, చెప్పులు, విద్యుత్ తీగలు కొరికి పెట్టే దశ దానికి ఎప్పుడో గడిచిపోయి ఉంటుంది. మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోగల శక్తి దాని శరీరానికి వచ్చి ఉంటుంది. బయటికి వెళ్లాలన్న అలవాటు లేకపోవచ్చు గానీ, వేళకు తీసుకువెళితే ఆ అలవాటు త్వరగానే పడుతుంది.

మన నగరంలో పెద్దజాతి కుక్కలు వీధిన పడటానికి కారణాలు వెతకనక్కరలేదు. పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటపడి కొంటారు. ఏడాది తిరిగేసరికి రెండు పడకగదుల ఫ్లాట్ చాలదు. అద్దె ఇల్లు మారవలసి వస్తుంది, విదేశీ ఉద్యోగం వస్తుంది, ఇంట్లో పసిబిడ్డ పుడుతుంది, లేదా కుక్కకు పెద్ద జబ్బు చేస్తుంది. అప్పుడు దానిని ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో, ఏ ఫామ్‌హౌస్ గేటు ముందో వదిలేసి వెళతారు. గౌరి కథ ఇంకొక రకం. ఎవరో దానిని పిల్లల కోసమే, అంటే అమ్మకానికి ఈనడం కోసమే ఉంచుకున్నారని దాని శరీరం చూసిన వైద్యులెవరైనా చెప్పగలరు. సాగిపోయి వేలాడే పొదుగు, మోచేతుల మీద నల్లగా కాచిన కాయలు, ముప్పై తొమ్మిది కిలోలకు పడిపోయిన బరువు ఆ సంగతిని దాచలేదు. ఇక ఈనడానికి పనికిరాదనుకున్నాక ఒక లేఅవుట్‌లోని ఖాళీ స్థలంలో స్తంభానికి కట్టేసి వెళ్లిపోయారు.

ఇలా వదిలివేయడం నేరమని చాలామందికి తెలియదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును తగిన కారణం లేకుండా వదిలేసినవారు శిక్షార్హులు. అయితే మొదటిసారి నేరానికి ఆ చట్టం విధించే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు మాత్రమే. అరవై ఏళ్ల కిందట ఆ మొత్తానికి ఎంతో కొంత విలువ ఉండేదేమో గానీ, ఇప్పుడు అది టీ ఖర్చు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనలు, బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని చెబుతున్నాయి. ఒక ఫోన్ నంబరు, నాలుగు ఫొటోలు పెట్టి పిల్లలను అమ్మేవారిలో ఎంతమందికి ఆ నమోదు ఉందో కొనేవారు ఒక్కసారి అడిగితే, గౌరి వంటి తల్లుల అవస్థ కొంతైనా తగ్గుతుంది. ఈ ఒక్క విషయంలో నాకు కోపం ఇంకా చల్లారలేదు.

హైదరాబాదులో గాయపడిన జంతువులను చేరదీసే సంప్రదాయం కొత్తది కాదు. అక్కినేని అమల గారు 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్ సంస్థ పేరు నా తరం వారికి కాలేజీ రోజుల నుంచీ తెలుసు. ఇప్పుడు దానితోపాటు చిన్న చిన్న స్వచ్ఛంద బృందాలు ఎన్నో పనిచేస్తున్నాయి. వాటిలో పెద్దవారి కంటే ఉద్యోగాలు చేసుకునే ఇరవై, ముప్పై ఏళ్ల యువతీ యువకులే ఎక్కువ. గౌరి అటువంటి ఒక బృందం సంరక్షణలో ఉండేది. దానిని తాత్కాలికంగా తన ఇంట్లో ఉంచుకున్న అమ్మాయి మాకు కుక్కను అప్పగించడానికి ముందు మా ఇంటికి వచ్చి, బాల్కనీ రెయిలింగ్ ఎత్తు చూసింది, అమ్మతో ప్రత్యేకంగా మాట్లాడింది, మేము ఊరికి వెళితే కుక్కను ఎవరు చూస్తారని అడిగింది, ఇల్లు సొంతమో అద్దెదో కనుక్కుంది. మా వారికి ఆ ప్రశ్నలు మొదట కొంచెం ఇబ్బందిగా తోచాయి. "ఆంటీ, ఇది ఇంకోసారి వెనక్కి రాకూడదు, అందుకే ఇన్ని అడుగుతున్నా" అని ఆ అమ్మాయి అన్నాక ఆయన కూడా కుర్చీ దగ్గరికి జరుపుకొని అన్నింటికీ జవాబులు చెప్పారు. ఇన్ని ప్రశ్నలు అడగకుండా కుక్కను చేతిలో పెట్టేవారి దగ్గర తీసుకోవద్దని నేను సలహా ఇస్తాను. కుక్క గురించి మనకు తెలియవలసినవాటిని కూడా వారే సరిగా చెప్పగలరు.

మేము గౌరిని ఒక్కసారి చూసి తెచ్చుకోలేదు. ఆ అమ్మాయి ఇంటికి వేర్వేరు వేళల్లో వెళ్లి, దానిని మేమే నడిపించి, అమ్మను కూడా తీసుకువెళ్లి కూర్చోబెట్టి చూశాం. పెద్దజాతి కుక్క విషయంలో ఈ పరిచయం చాలా అవసరం. నలభై, యాభై కిలోల జంతువు ఒక్క ఉదుటున లాగితే నిలదొక్కుకోగలమా లేదా అన్నది తెలుసుకోవలసింది ఇంటికి తెచ్చాక కాదు. మెడపట్టీకి బదులు ఛాతీ ముందు భాగంలో కొక్కెం ఉండే హార్నెస్ వేస్తే, కుక్క లాగినప్పుడు దాని శరీరమే పక్కకు తిరుగుతుంది కాబట్టి, నా వంటి బక్కపలుచని మనిషి కూడా అదుపు చేయగలదు. ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్నవారు ఆ కుక్క పక్కన క్షేమంగా ఉండగలరా అన్నదే నా దృష్టిలో అసలైన పరీక్ష. మా ఇంట్లో ఆ స్థానం అమ్మది.

అమ్మకు కుక్కలంటే చిన్నప్పటి నుంచీ భయమే తప్ప అసహ్యం లేదు. ఆమె పెట్టిన షరతులు రెండు: వంటగదిలోకి, పూజగదిలోకి రాకూడదు, ఆమె నడుస్తున్నప్పుడు కాళ్లకు అడ్డు పడకూడదు. మొదటి షరతు కోసం వంటగది గుమ్మానికి ఒక అడ్డుగేటు బిగించాం. గౌరి తలచుకుంటే దానిని దాటేయగలదు గానీ, ఇంతవరకు అటువంటి ప్రయత్నం చేయలేదు. రెండో షరతు గౌరి తనంతట తానే నేర్చుకుంది. అమ్మ చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు వినబడితే చాలు, హాలు మధ్యలో పడుకున్నది లేచి గోడ వైపు జరిగిపోతుంది. మొదట్లో కర్రను చూసి అది వణికిపోయేది కూడా. అమ్మ అది గమనించి, ఒక మధ్యాహ్నం కర్రను సోఫా మీద అడ్డంగా పెట్టి, దాని మీద ఒక ఇడ్లీ ముక్క ఉంచి, మౌనంగా టీవీ చూస్తూ కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఆమె చేసిన ఆ పని, తరువాత మేము సంప్రదించిన శిక్షకుడు చెప్పిన పద్ధతే కావడం నాకు ఆశ్చర్యం కలిగించింది. భయపెట్టే వస్తువును కదలకుండా ఉంచి, దాని పక్కన ఇష్టమైనదాన్ని పెట్టి, దగ్గరకు రావడం కుక్క ఇష్టానికే వదిలేయాలి. అమ్మ ఇప్పుడు "ఏమే గౌరీ, జరుగు" అంటుంది, అది జరుగుతుంది.

దత్తత ఇచ్చేవారు తరచుగా మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అనే లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు కుక్క బెదిరి ఉంటుందని, మూడు వారాలకు ఇంటి పద్ధతులు తెలుసుకుంటుందని, మూడు నెలలకు అది తన ఇల్లని నమ్ముతుందని దాని అర్థం. ఇది కొలబద్ద కాదు గానీ, కొత్తవారిని ఓపికపట్టేలా చేస్తుంది. ఆ మొదటి రోజుల్లో మేము చుట్టాలెవరినీ పిలవలేదు, స్నానం చేయించలేదు, పట్టుకొని ముద్దు చేయలేదు. హాలులో ఒక మూల దానికి వదిలేసి, తిండి, నీళ్లు, బయటి నడక మాత్రం సరిగ్గా వేళకు అందేలా చూశాం. అది మొదట్లో చాలాసేపు నిద్రపోయేది. అంతకుముందు ప్రశాంతంగా నిద్రపోయే చోటు దానికి ఎప్పుడైనా ఉండేదో లేదో మరి.

ఇక ఇంత పెద్ద కుక్క ఎందుకు అన్నవారి ప్రశ్నకు వస్తాను. పెద్ద కుక్కలో ప్రతిదీ దాని బరువు చుట్టూ తిరుగుతుంది. మా ఫ్లాట్‌లో నేల నున్నటి టైల్స్. బరువైన కుక్కకు అటువంటి నేల మీద వెనక కాళ్లు జారి విచ్చుకుపోతాయి, దానితో తుంటి కీళ్లు మరింత దెబ్బతింటాయి. అందుకని తలుపు నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి దాని పడక దాకా రబ్బరు చాపలు పరిచాం. ఇల్లు చూడడానికి అంత బాగుండదు, అయినా గౌరి వాటి మీదుగానే నడుస్తుంది. గట్టి నేల మీద పడుకునే పెద్ద కుక్కలకు మోచేతుల దగ్గర చర్మం మొద్దుబారి కాయలు కాస్తాయి, ఒక్కోసారి లోపల నీరు చేరి గడ్డలా వేలాడుతుంది. దానికి మందుల కంటే మెత్తటి పడకే ముఖ్యమని వైద్యులు చెప్పారు. పలుచటి బొంతలు దాని బరువుకు అణగిపోతాయి కాబట్టి, మంచం మీద వేసే సింగిల్ పరుపే కొని, రెగ్జిన్ తొడుగు కుట్టించాం. మోచేతుల కాయలకు కొబ్బరినూనె రాస్తున్నాం. నల్లటి బిరుసుదనం చాలావరకు తగ్గింది.

వైద్యం ఖర్చు కూడా కిలోల లెక్కనే ఉంటుంది. మత్తుమందు, యాంటీబయాటిక్, పిడుదుల మాత్ర అన్నీ బరువును బట్టి ఇస్తారు కాబట్టి, పక్కింటి పమేరియన్‌కు అయ్యే ఖర్చుకూ గౌరికి అయ్యే ఖర్చుకూ పోలిక ఉండదు. దత్తతకు డబ్బు తీసుకోలేదు గనుక కుక్క ఉచితంగా వచ్చిందనుకోవడం సరికాదు. తిండికే మా ఇంట్లో నెలకు ఎనిమిది వేల రూపాయల దాకా అవుతోంది. ఆరోగ్యం కోసం వేరే ఖాతాలో ప్రతి నెలా కొంత జమ చేస్తున్నాం. అలా జమ చేయడం వీలుకానివారు పెద్దజాతి జోలికి వెళ్లకపోవడమే కుక్కకూ వారికీ మంచిదని మొహమాటం లేకుండా చెబుతాను.

ఇంటికి తెచ్చిన వారంలోనే రక్తపరీక్ష చేయించాం. వీధిలో దొరికిన కుక్కలకు మన ప్రాంతంలో తప్పక చూడవలసింది టిక్ ఫీవర్. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. కుక్క పైకి కొంచెం నీరసంగా తప్ప ఏమీ కనిపించకపోవచ్చు, ముక్కు నుంచి రక్తం కారేదాకా ఇంట్లోవారికి తెలియకపోవచ్చు. గౌరికి ప్లేట్‌లెట్లు తక్కువగానే ఉన్నాయి. డాక్సీసైక్లిన్ నాలుగు వారాల పాటు వేశాం. ఈ మందును కుక్క తేరుకుంది కదా అని మధ్యలో ఆపకూడదు. పిడుదులు కుక్క ఒంటి మీద కాక, కిందికి దిగి గోడ పగుళ్లలోనూ తలుపు సందుల్లోనూ గుడ్లు పెడతాయి కాబట్టి ఇల్లు కూడా శుభ్రం చేయించుకోవాలి. రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్‌లకు ఇచ్చే టీకాలు అది కోలుకున్నాక వేయించాం. బక్కచిక్కిన కుక్కకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం ప్రమాదమని డాక్టరుగారు ముందే హెచ్చరించారు. రోజుకు నాలుగు పూటలు కొంచెం కొంచెంగా మొదలుపెట్టి, నెలల మీద పెంచుతూ వచ్చాం. ఇప్పుడు గౌరి బరువు యాభై రెండు కిలోలు.

పెద్ద ఛాతీ ఉన్న కుక్కలను పెంచే ప్రతివారూ తెలుసుకొని తీరవలసిన ఒక అత్యవసర పరిస్థితి ఉంది. కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తానే మెలిపడిపోతుంది. మెలిపడిన కడుపుకు రక్తప్రసరణ ఆగిపోతుంది, గుండెకు తిరిగి చేరవలసిన రక్తం కూడా తగ్గిపోతుంది, గంటల వ్యవధిలోనే ప్రాణం పోతుంది. గ్రేట్ డేన్‌లలో ఇది మిగతా జాతులన్నింటికంటే ఎక్కువ. జర్మన్ షెపర్డ్, సెయింట్ బెర్నార్డ్ కుక్కలకు కూడా వస్తుంది. కుక్క మాటిమాటికీ వాంతికి ప్రయత్నిస్తూ నురగ తప్ప ఏమీ కక్కలేకపోవడం, పొట్ట డప్పులా బిగిసిపోవడం, ఎక్కడా కుదురుగా పడుకోలేక తిరుగుతూ ఉండడం దీని లక్షణాలు. అప్పుడు ఇంటి వైద్యం, వాము నీళ్లు, తెల్లవారేదాకా చూద్దామనుకోవడం ఏవీ పనికిరావు, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి చేర్చాలి. ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించే మార్గం ఒకటి ఉంది. కడుపును కుడివైపు పొట్టగోడకు కుట్లతో అతికిస్తే, ఉబ్బినా మెలిపడే అవకాశం బాగా తగ్గిపోతుంది. గౌరికి ఎలాగూ గర్భసంచి తొలగించే ఆపరేషన్ చేయించవలసి ఉంది కాబట్టి, ఒకే మత్తుమందుతో ఈ రెండు పనులూ చేయించాం. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు పైబడేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, అది కూడా ప్రాణాంతకమే. దత్తత తీసుకున్న ఆడకుక్క మళ్లీ ఈనకుండా చూడడం ఎలాగూ మన బాధ్యత.

అప్పటి నుంచి రెండు పూటలే తిండి పెడుతున్నాం, తిన్నాక గంటన్నర సేపు పరుగులు లేకుండా చూస్తున్నాం. పొడి ఆహారంతో పాటు ఉడికించిన కోడిమాంసం, కొంచెం అన్నం, గుమ్మడికాయ ముక్కలు వేస్తాం. మన వంటల్లో ఉల్లి, వెల్లుల్లి లేని కూర అరుదు. అవి రెండూ కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి సాంబారన్నం, మిగిలిన కూర దానికి పెట్టం. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా దూరంగా ఉంచాలి. పరమాన్నంలోని కిస్‌మిస్‌లు కూడా ఆ జాబితాలోనివే అని అమ్మకు చెప్పినప్పుడు ఆమె కొంచెం నొచ్చుకుంది. ఆమె చేతి పెరుగన్నం మాత్రం ఉప్పు లేకుండా గౌరికి అప్పుడప్పుడు అందుతుంది.

రాత్రివేళ ఏ ఆసుపత్రి తెరిచి ఉంటుంది, శస్త్రచికిత్స చేసేవారు ఎక్కడ ఉంటారు, యాభై కిలోల కుక్కను కారులోకి ఎవరు ఎత్తుతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు మా ఫ్రిజ్ మీద అతికించిన కాగితంలో ఉన్నాయి. నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల మాకు దగ్గర. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. రాత్రికి ఒక ప్రైవేటు ఆసుపత్రిని చూసి పెట్టుకున్నాం. కుక్కను ఎత్తడానికి పాత దుప్పటిని నాలుగు మూలలా పట్టుకొని మోయడం మా వారు, కింది అంతస్తులోని కుర్రాడు ముందుగానే అభ్యాసం చేశారు.

మన ఎండలు ఈ జాతికి పరీక్షే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి చల్లబడే ముఖ్యమైన దారి. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది, అది 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఏప్రిల్, మే నెలల్లో మేము తెల్లవారకముందే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోని చెట్ల కింద రోడ్ల మీద నడక ముగించుకొని వచ్చేస్తాం. సాయంత్రం నేల చల్లబడిందో లేదో నా అరచేయి వెనుక భాగాన్ని రోడ్డుకు కాసేపు ఆనించి చూస్తాను. నేను ఓర్చుకోలేని వేడి దాని పాదాలకూ కాలుతుంది. హాలులో కూలర్ గౌరి పడక వైపే తిప్పి ఉంటుంది. దట్టమైన బొచ్చు ఉన్న సెయింట్ బెర్నార్డ్, హస్కీ వంటి జాతులను ఈ నగరంలో పిల్లలుగా కొనడం నాకు అసలు నచ్చదు. ఇప్పటికే వదిలివేతకు గురైన వాటిని చేరదీయడం వేరే మాట, వాటికి ఏసీ గది అవసరమని తెలుసుకొని చేరదీయాలి.

అపార్ట్‌మెంట్ సంఘం నుంచి అభ్యంతరం వచ్చింది. భారత జంతు సంక్షేమ మండలి 2015లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, నివాసితుల సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవు, జాతినీ పరిమాణాన్నీ బట్టి కూడా అడ్డు చెప్పలేవు, లిఫ్టు వాడవద్దనలేవు. ఆ కాగితం నా దగ్గర ఉంది. అయినా సమావేశానికి దానిని ముందుగా బయటికి తీయలేదు. మాకు పక్కనే ఉన్న అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ వార్త విన్న తల్లి ఎవరైనా, తన బిడ్డ నడుము కంటే ఎత్తున్న కుక్కను మెట్ల మీద చూసి భయపడితే ఆ భయాన్ని చట్టంతో కొట్టివేయడం నాకు సబబు అనిపించలేదు. గౌరి రేబిస్ టీకా పత్రాన్ని, నగరపాలక సంస్థలో చేయించిన నమోదు పత్రాన్ని అందరికీ చూపించాం. లిఫ్టులో ఎవరైనా ఉంటే మేము మెట్లు దిగుతామని, ఆవరణలో ఎప్పుడూ లీష్ విప్పబోమని, మలాన్ని సంచీలో తీసి పారవేస్తామని చెప్పాం. ఒక పిల్లవాడి తల్లి మాత్రం ఇప్పటికీ సమాధానపడలేదు. ఆవిడ వచ్చేవేళ మేము బయటికి రాము. ఆ విషయంలో ఆవిడతో వాదించవలసినది ఏమీ లేదు.

2024 మార్చిలో కేంద్రం రాట్‌వైలర్ మొదలైన 23 జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ, వాటిని నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ పంపింది. గ్రేట్ డేన్ ఆ జాబితాలో లేదు. కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు మరుసటి నెలలోనే ఆ ఆదేశాన్ని కొట్టివేశాయి. ఆ సమయంలో కొందరు తమ కుక్కలను ఎక్కడ వదలాలా అని ఆలోచించడం విన్నాను. జాతి పేరు కంటే, ఆ కుక్కను ఎవరు ఎలా పెంచారన్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. షెల్టర్ నుంచి ఎదిగిన కుక్కను తీసుకునేవారికి అది ఎలా తయారైందో చూసి ఎంచుకునే వీలు ఉంటుంది.

బోనాల డప్పులు గౌరి కంగారు లేకుండా వింటుంది. దీపావళి బాంబులను మాత్రం భరించలేదు. ఆ రాత్రి లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, టీవీ పెట్టి, దానితో ఎవరో ఒకరం కూర్చుంటాం. అటువంటప్పుడు దగ్గరకు తీసుకుంటే భయం పెరుగుతుందని కొందరు చెబుతారు గానీ, పక్కన మనిషి ఉంటే గౌరి రొప్పడం తగ్గుతుందని మేము చూస్తూనే ఉన్నాం.

గ్రేట్ డేన్ ఆయుష్షు సాధారణంగా ఏడు నుంచి పదేళ్లు. అంటే గౌరి జీవితంలో సగం పైన మేము దానిని చూడకముందే అయిపోయింది. దత్తతకు ముందు మా వారు తటపటాయించింది ఈ ఒక్క విషయంలోనే. ఇంత త్వరగా పోయేదానితో బంధం పెంచుకోవడం ఎందుకని ఆయన అడిగారు. కానీ నాకు యాభై ఆరేళ్లు. పన్నెండు, పద్నాలుగేళ్లు బతికే కుక్కపిల్లను ఇప్పుడు తెచ్చుకుంటే, దాని ముసలితనం వచ్చేసరికి దానిని ఎత్తి కారులో పెట్టే బలం మా ఇద్దరిలో ఎవరికీ ఉండకపోవచ్చు. గౌరికి అవసరమైనన్ని ఏళ్లు మేము నిలబడగలం. ఒకవేళ నిలబడలేకపోతే దానిని తీసుకోవడానికి మా అమ్మాయి ఒప్పుకుంది. ఆ సంగతి దత్తత పత్రంలోనే రాయించాం.

దాని మూతి మీద వెంట్రుకలు తెల్లబడుతున్నాయి, లేచేటప్పుడు వెనక కాళ్లు కొంచెం తడబడుతున్నాయి. పెద్దజాతి కుక్కల్లో కీళ్ల నొప్పిని ముదరనివ్వకుండా ఉంచడానికి అన్నింటికంటే బాగా పనిచేసేది బరువు పెరగకుండా చూడడమని డాక్టరుగారు చెప్పారు. యాభై రెండు కిలోలు దాటనివ్వద్దని, పక్కటెముకలు చేతికి తగలాలి గానీ కంటికి పొడుచుకు రాకూడదని కొలత కూడా నేర్పారు. తుంటికి, వెన్నుకు ఎక్స్‌రే ఈ నెలాఖరులో తీస్తారు. నొప్పి మందు మొదలుపెట్టాలా, ప్రస్తుతానికి నడక దూరం తగ్గిస్తే సరిపోతుందా అన్నది అది చూశాక నిర్ణయిస్తారు.